విప్పలేని కుట్టు

కుట్టు పూర్తికాగానే అక్కయ్య గుడ్డను చెవి దగ్గరికి తీసుకుంటుంది. అతుకుకు అటూ ఇటూ బొటనవేళ్లు ఆనించి ఒక్క లాగు లాగుతుంది. వింటుంది. కుట్టు గట్టిదైతే టప్‌మని చిన్న చప్పుడు. కాకపోతే దారం మూలుగుతుందట. ఆ మూలుగు ఆవిడకు తప్ప ఇంకెవరికీ వినపడదు.

కొత్త చొక్కా కోసం వచ్చినవాళ్లు అది చూసి గుండె పట్టుకుంటారు.

"అక్కయ్యా, చింపేస్తారా ఏంటి?"

"నా చేతిలో చిరిగితే నేనే కుడతాను. వీధిలో చిరిగితే ఎవరు కుడతారు?"

తమ్ముడు అక్కయ్యా అని పిలవగా పిలవగా ఆ పిలుపు వీధి మొత్తానికి అంటుకుంది. పళ్లన్నీ ఊడిన ఇస్త్రీ తాత కూడా అక్కయ్యా అనే పిలుస్తాడు. అక్కయ్య పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "కొలతలు కుదరలేదు" అని చెప్పి మళ్లీ పెడల్ మీద కాలు వేస్తుంది.

షాపు ఒకటే పొడవాటి గది. ముందు అద్దం, అద్దం వెనక తలా చేతులూ లేని చెక్కబొమ్మకు తొడిగిన కోటు. కిటికీ పక్కన తమ్ముడి కత్తిరింపు బల్ల. గోడవారగా రెండు కుట్టు మిషన్లు పక్కపక్కన. ఒకటి అక్కయ్యది. రెండోది మేనకోడలిది, అంటే తమ్ముడి కూతురిది. కాళ్లు పెడల్‌కు అందని రోజుల నుంచీ ఆ పిల్ల అక్కడే కూర్చుంది. గదిలో ఎప్పుడూ సుద్దపొడి వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన.

గుమ్మం పైన బోర్డు. నీలం మీద బంగారు రంగు అక్షరాలు: రాజాస్థాన దర్జీల వంశం. వాళ్ల నాన్న రాయించాడు. ఆయన పోయాక ఏటా తమ్ముడే నిచ్చెన ఎక్కి ఆ అక్షరాలకు కొత్త రంగు వేస్తాడు. వాళ్ల తాత ఎక్కడి నుంచో ఓడలో వచ్చాడని, వచ్చేముందు ఒక రాజుకు కోట్లు కుట్టేవాడని ఇంట్లో అనుకునేవారు. నాయనమ్మ గురించి ఏమీ అనుకునేవారు కాదు. తాతా నాయనమ్మా అక్కయ్య పుట్టకముందే పోయారు.

మేనకోడలికి పల్చటి గుడ్డ పడదు. పట్టు మీద సూది పెడితే పోగులు లేస్తాయి, మెత్తటి గుడ్డను గట్టిగా లాగి సూదే విరగ్గొడుతుంది. మందపు గుడ్డ దొరికిందా, ఆ చేతులే వేరు. చినిగిన టార్పాలిన్ ఒకటి తెచ్చి భుజాన వేసుకునే సంచీ కుట్టుకుంది. ఆ సంచీ చూసే రేవు దగ్గర తెరచాపలు, గుడారాలు కుట్టే కార్ఖానా వాళ్లు ఆమెను పనికి పిలిచారు. సోమవారం నుంచి రమ్మన్నారు. రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు.

శనివారం భోజనాల దగ్గర ఆ సంగతి బయటపడింది.

"రాజుల కోట్లు కుట్టిన చేతులు మనవి. పోయి పోయి గోనెలు కుడతావా?" అన్నాడు తమ్ముడు.

"గోనెలు కాదు నాన్నా, తెరచాపలు."

"గాలికి ఊగేది ఏదైనా గోనే."

"సరే, ఆ రాజు పేరేంటి?"

తమ్ముడు కంచం వైపు చూశాడు. "కొంచెం కూర వెయ్యి" అన్నాడు భార్యతో.

"రాజుగారి పేరు అడిగితే కూర అడుగుతారేంటండీ?" అంది మరదలు. అని, వేసింది.

అక్కయ్య మనసులో ఒకటే ఉంది: ఈ పిల్ల వెళ్లకూడదు. పక్క మిషన్ చప్పుడు వింటూ పని చేయడం అలవాటైపోయింది. ఆ చప్పుడు ఆగితే తను దారం ఎక్కించడం కూడా మరిచిపోతుందేమోనని భయం. ఆ మాట నోటితో చెప్పలేక ఇంకో మాట చెప్పింది.

"మేనత్తను అడుగుదాం."

తమ్ముడు తల ఎత్తాడు. "ఎవరిని? మన బోర్డు చూసి నవ్విన మనిషినా?"

మేనత్త అంటే నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. బోర్డు ఎక్కించిన రోజు వీధిలో నిలబడి నవ్విందట. నిలబడలేక కరెంటు స్తంభం పట్టుకుని మరీ నవ్విందట. అక్కడితో నాన్న ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఊరు ఒకటే. బస్సు కూడా ఒకటే: ఈ చివర వీళ్లు, ఆ చివర ఆవిడ. ఇన్నేళ్లలో ఎవరూ ఎక్కలేదు.

"రాజు సంగతి పక్కన పెట్టు. తాతయ్య కోట్లు కుట్టేవాడని ఆవిడ నోటితో అంటే చాలు" అంది అక్కయ్య. మేనకోడలి వైపు తిరిగింది. "అంటే, నువ్వు నా పక్కనే కూర్చోవాలి."

"కాదంటే?"

"కాదనదు."

"అంటే అత్తా?"

"అంటే నేనే మీ నాన్నతో చెప్పి పంపిస్తాను. పందెం."

ఆదివారం షాపు మూసి ఉంటుంది. ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. ఆ చివర దిగితే రొట్టెల దుకాణం. అది మేనత్త మనవడిది. పక్కనే ఇరుకు మెట్లు. పైన ఒకే కిటికీ ఉన్న గది, గది నిండా కింది పొయ్యి వెచ్చదనం. కిటికీ దగ్గర కుర్చీలో మేనత్త, చిన్నగా ముడుచుకుపోయి, కళ్లు మాత్రం కోడిపిల్ల కళ్లలా చురుగ్గా.

"ఎవరే మీరు?"

"నేను నీ అన్న కూతుర్ని అత్తా. ఇది తమ్ముడి కూతురు."

"ఏవీ, చేతులు చూపించండి."

చూపించారు. ఆవిడ నాలుగు అరచేతులూ తిప్పి తిప్పి చూసింది. వేళ్ల చివర సూది పొడిచిన చోట చర్మం గట్టిపడి ఉంది.

"మావాళ్లే. కూర్చోండి. ఇన్నాళ్లూ ఏ బావిలో పడ్డారు?"

కూర్చున్నారు. మేనత్త ఊరుకోలేదు. మేనకోడలి భుజాన ఉన్న టార్పాలిన్ సంచీ అందుకుంది. అతుకు వెతికింది. బొటనవేళ్లు అటూ ఇటూ ఆనించి, చెవి దగ్గర పెట్టుకుని ఒక్క లాగు లాగింది.

అక్కయ్యకు తన చేతులే ఇంకొకరి ఒళ్లో చూసినట్టుంది.

"ఎందుకలా లాగుతావు అత్తా?"

"ఎందుకేంటే? సముద్రం మధ్యలో తెరచాప చిరిగితే ఎవడొచ్చి కుడతాడు? మా నాన్న ఏది కుట్టినా లాగి విని గానీ పక్కన పెట్టేవాడు కాదు." సంచీ ఒళ్లోనే పెట్టుకుని దాని మీద చెయ్యి వేసింది. "ఎవరు కుట్టారిది?"

"నేనే నాయనమ్మా" అంది మేనకోడలు.

"అచ్చు మా నాన్న కుట్టే."

అక్కయ్య గొంతు సవరించుకుంది. "తాతయ్య కోట్లు కదా కుట్టేవాడు. రాజుగారి దగ్గర..."

"రాజా?" మేనత్త ముక్కు మీద వేలు వేసుకుంది. "మా నాన్న జీవితంలో చూసిన గొప్పవాడు ఓడ వంటవాడు. ఆ వంట తలుచుకుని ముసలితనంలో కూడా ఏడ్చేవాడు. బాగుండి కాదు."

పందెం అక్కడే పోయింది. కానీ మేనత్త ఆగలేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగని సంగతి అది. అడిగినవాళ్లు చేతికి చిక్కాక ఎందుకు వదులుతుంది?

"నాన్నది ఏ ఊరని అడిగితే సముద్రం వైపు వేలు చూపించేవాడు. అమ్మనడిగితే కొండల వైపు చూపించేది. ఆయన అటు నుంచి, ఆవిడ ఇటు నుంచి. ఇక్కడ ఇద్దరికీ ఎవరూ లేరు. ఆయనకు ఆవిడ మాట రాదు, ఆవిడకు ఆయన మాట రాదు, ఇద్దరికీ ఇక్కడి మాట రాదు."

ఓడల్లో తెరచాపలు బాగుచేసేవాడట తాత. ఆ ఓడ పాతబడితే విరగ్గొట్టడానికి అమ్మేశారు. ఓడతో పాటు ఆయన పనీ పోయింది. రేవులో దిగేటప్పటికి చేతిలో ఒక దబ్బనం, ఒక మైనం ముద్ద, దబ్బనం నెట్టడానికి అరచేతికి కట్టుకునే తోలుపట్టీ. నడుచుకుంటూ వచ్చి బట్టలు కుట్టే కార్ఖానా ముందు ఆగాడు. లోపల అందరి చేతుల్లో సూదులు కనిపించాయి. అది చాలనుకున్నాడు.

"యజమాని బయటికొచ్చి అడిగాడు, కోట్లు కుడతావా అని. ఏమడిగాడో తెలిస్తేగా? తలూపాడు. ప్యాంట్లు? ఊపాడు. కాజాలు? ఊపాడు. నువ్వు దొంగవా అని అడిగినా ఊపేవాడే."

మేనకోడలు నవ్వాపుకోలేక పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక ప్యాంటు ఇచ్చారు. ఆయనకు తెలిసిన కుట్టు ఒకటే. గుడ్డ రెండు మడతలు మడిచి, దారానికి మైనం పట్టించి, జానెడుకో ముడి వేసి, ఆ ముడి మడతలో దాచేయడం. తుఫాను కోసం నేర్చుకున్న కుట్టు. అయ్యాక ఆ ప్యాంటును నేల మీద పెడితే మనిషి లేకుండానే నిలబడింది! అంతా బాగానే ఉంది గానీ ఒక కాలు పొట్టి."

కార్ఖానాలో పొరపాటు పడిన బట్టలన్నీ మెట్ల కింద ఒక బుట్టలో పడేవి. ఆ బుట్ట పక్కన ఒక పిల్ల కూర్చునేది. ఆమె పని కుట్లు విప్పడం. గుడ్డకు గీత పడకుండా, పోగు చెదరకుండా, ఎవరో చేసిన తప్పును చిన్న బ్లేడుతో ఊడదీయడం. కొండల అవతల నుంచి బాబాయి కుటుంబంతో వచ్చిన పిల్ల. తలెత్తి చూసేది కాదట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరి తప్పులూ ఆమె ఒళ్లోనే.

"అమ్మ చేతిలో విడిపోని కుట్టు అంతవరకూ లేదు. ఆ ప్యాంటుతో బ్లేడు విరిగింది. ఇంకోటి తీసింది. అదీ విరిగింది. లేచింది. ప్యాంటు పట్టుకుని కార్ఖానాలో ఒక్కొక్కడి ముందూ ఆగి చూపించింది, నువ్వేనా అన్నట్టు. అందరూ తల అడ్డంగా ఊపారు. ఈయన ఒక్కడే నిలువుగా ఊపాడు. అలవాటు కదా!"

"తర్వాత?" అంది అక్కయ్య. కుర్చీ అంచుకు ఎప్పుడు జరిగిందో ఆవిడకే తెలీదు.

"తిట్టింది. ఏమని తిట్టిందో నాకు కంఠస్థం. చెప్పనా?"

చెప్పింది. ఆ గదిలో ఎవరికీ తెలియని భాష. కంకర రాళ్లు మెట్ల మీద దొర్లినట్టుంది.

"అంటే ఏంటి నాయనమ్మా?"

"నాకేం తెలుసు? పెళ్లికాని పిల్లకు చెప్పకూడదంది మా అమ్మ. పెళ్లయ్యాక అడగడం మర్చిపోయాను."

ముగ్గురూ నవ్వారు. మేనత్తకు దగ్గు వచ్చింది. మేనకోడలు నీళ్లిచ్చింది. తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చి ఆవిడ మళ్లీ అందుకుంది.

"నాన్న ఏమనుకున్నాడో తెలుసా? తన కుట్టును మెచ్చుకుంటోందనుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని వంగి దణ్ణం పెట్టాడు. అంత తిట్టు తిట్టాక ఎదుటివాడు దణ్ణం పెడితే ఇంకేం తిడతావు? అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయి బుట్ట పక్కన కూర్చోబెట్టింది. నువ్వే విప్పు, అని. ముడులు ఎక్కడ దాచాడో ఆయనకు తప్ప ఎవరికి తెలుసు? ఆయన ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించడం, ఆవిడ విప్పడం. సాయంత్రమైంది."

"మర్నాడు?"

"మర్నాడు ఇంకో ప్యాంటు. మళ్లీ కాలు పొట్టి. ఆ మర్నాడూ అంతే. అమ్మకు అనుమానమొచ్చింది. ఇంత కుట్టు వచ్చినవాడికి కొలత రాకపోవడమేంటి? తలెత్తి చూసింది. అటు నుంచి ఆయన చూస్తున్నాడు."

"నాయనమ్మకు కోపం రాలేదా?" అంది అక్కయ్య.

మేనత్త కిటికీలోంచి బయటికి చూసింది. ముడతల మధ్య నవ్వు మెల్లగా పరుచుకుంది.

"కోపమెందుకు? విప్పడమే నెమ్మది చేసింది."

ఇద్దరినీ ఒకేరోజు పనిలోంచి తీసేశారట. మొదటి ప్యాంటును కూడా వాళ్ల వెనకే వీధిలోకి విసిరేశారు. అది నిలబడే పడిందని మేనత్త ఒట్టు పెట్టింది. రేవులో బస్తాలు మోసే ఒకతను దాన్ని తొడుక్కుని, పొడుగు కాలును మడుచుకుని వెళ్లాడు. ఎంత మోసినా అది చిరగలేదు. తోటివాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. అలా మొదలైంది షాపు. మోసేవాళ్ల ప్యాంట్లు, బళ్ల మీద కప్పే టార్పాలిన్లు, అప్పుడప్పుడూ ఒక తెరచాప. ఆయన కుట్టేవాడు, ఆవిడ కొలతలు తీసేది. కోటన్నది ఆ రోజుల్లో గడప తొక్కలేదు.

"మరి మా నాన్న?"

"మీ నాన్న పక్క వీధి దర్జీ దగ్గర నేర్చాడు కోట్లు. బాగా నేర్చాడు, లేనిపోనిది ఎందుకనాలి? చెప్పుకోవడానికి అది చాలదనుకున్నాడు." సంచీ కుట్టు మీద వేలు రాసింది. "నేను నవ్వింది వాణ్ని చూసి కాదే. మా నాన్న బతికుంటే ఆ బోర్డు కింద నిలబడి, వచ్చినవాళ్లందరికీ అవునవునని తలూపేవాడు కదా అనిపించింది. నవ్వు ఆగలేదు. ఆ మాట చెప్పేలోపే మీ నాన్న తలుపేసేశాడు."

తిరుగు బస్సులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. అక్కయ్య నవ్వుతూనే ఎక్కింది. రెండు స్టాపులు దాటాక నవ్వు తగ్గింది. మేనత్తకు వయసైపోయింది, ఏదో కల్పించి చెప్పింది అంటే చాలు. తమ్ముడు వెంటనే నమ్ముతాడు. నమ్మడానికి తయారుగా ఉన్నాడు.

మేనకోడలు కిటికీలోంచి చూస్తూ అంది:

"పందెం వద్దులే అత్తా. ఉండిపోతాను."

అక్కయ్య ఆ పిల్ల చేతుల వైపు చూసింది. సంచీ మీద ఊరికే ఆనించి ఉన్నాయి. ఎన్నేళ్లుగానో తన పక్కన పల్చటి గుడ్డలతో పోట్లాడుతున్న చేతులు. సూది విరిగినప్పుడల్లా ముందు తన వైపు చూసే పిల్ల. అడక్కుండానే చేతిలోకి వచ్చింది కావాల్సింది. పట్టుకుంటే సరిపోతుంది.

"నోరుమూసుకుని కూర్చో" అంది.

షాపు వెనక ఇంట్లో తమ్ముడు వరండాలోనే ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూడనట్టు పేపరు పట్టుకున్నాడు.

"ఏమందేంటి ఆవిడ?"

అక్కయ్య చెప్పులు కూడా విడవలేదు. వరండా మధ్యలో నిలబడి మొదలుపెట్టింది. తలూపడం చేసి చూపించింది. ప్యాంటు నిలబడటం చూపించింది. తిట్టు తప్పులతో అప్పజెప్పింది. మరదలు గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. తిట్టు దగ్గరికి వచ్చేసరికి కింద కూర్చుండిపోయింది.

"ఒరేయ్, మనం తప్పులు కుట్టినవాడికీ, ఆ తప్పులు విప్పినదానికీ మనవలం. రాజూ లేడు, కోటూ లేదు."

తమ్ముడు పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడిచాడు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

"ఆ ప్యాంటు నిజంగా నిలబడిందా?"

"నిలబడిందట."

"ఏం గుడ్డ?"

"అడగలేదు."

"ముఖ్యమైంది అడగవుగా! మైనం ఎంత పట్టిస్తే నిలబడుతుంది..." ఆయన చూపుడువేలు అప్పటికే మోకాలి మీద మడత కొలుస్తోంది. అది ఆయనే గమనించాడు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు. నాన్న పోయాక తమ్ముడు అలా నవ్వడం అక్కయ్య చూడలేదు.

కళ్లు తుడుచుకున్నాక అడిగాడు. "మరి బోర్డు?"

"ఉండనీండి, అక్షరాలు బాగున్నాయి" అంది మరదలు.

"రేపు దీన్ని పంపించు" అంది అక్కయ్య. "పందెం ఓడిపోయాను."

"నీ పక్కనెవరు కూర్చుంటారు అక్కయ్యా?"

అక్కయ్య వంగి చెప్పులు విడవడం మొదలుపెట్టింది. పట్టీ ఊడటానికి చాలాసేపు పట్టింది.

"అది నేను చూసుకుంటాను."

తమ్ముడు కూతుర్ని దగ్గరికి పిలిచాడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నారు.

"అక్కడన్నా కొలతలు సరిగ్గా తియ్యి. మీ ముత్తాత వేషాలు వెయ్యకు."

సోమవారం పొద్దున్న మేనకోడలు వెళ్లిపోయాక అక్కయ్య షాపు తెరిచింది. నేల ఊడ్చింది. ఇస్త్రీ పెట్టె వేడెక్కనిచ్చింది. గుడ్డల పెట్టెలో అడుగున ఉన్న కాన్వాసు గుడ్డ తీసి, మేనకోడలు పనిలో నడుముకు కట్టుకోవడానికి ఏప్రన్ ఒకటి కత్తిరించింది. మిషన్ మీద పెట్టింది. సూది విరిగింది. ఇంకోటి బిగించింది. అదీ విరిగింది. బ్లేడు విరిగినప్పుడు నాయనమ్మ ఏ మొహం పెట్టి ఉంటుందో అనుకుని ఒక్కతే నవ్వింది. తర్వాత పెడల్ వదిలేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేసింది. జేబు దగ్గరికి వచ్చేసరికి మూడో సూదీ పోయింది.

"ఎక్కడికి అక్కయ్యా?" అన్నాడు తమ్ముడు బల్ల దగ్గర నుంచి.

"లావు సూదులు కావాలి. రేవులో దొరుకుతాయి."

"పక్క వీధిలో కూడా దొరుకుతాయి."

"రేవులో బాగుంటాయి."

రేవులో అడిగి అడిగి కార్ఖానా కనుక్కుంది. ఎత్తు కప్పు, ఇంతింత కిటికీలు, నేలంతా తెల్లటి గుడ్డ పరిచి ఉంది. మధ్యలో గొంతుక్కూర్చుని మేనకోడలు, అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, దబ్బనం నెడుతోంది. తలెత్తలేదు.

అక్కయ్య జేబు లేని ఏప్రన్ చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. గుడ్డ అవతలి అంచు దగ్గర ఉన్న మేస్త్రీ ఆవిడను చూశాడు.

"పనికోసం వచ్చారా అక్కయ్యా?"

"కాదు. చూడ్డానికి."

"చూస్తూ చూస్తూ ఆ కొస కాస్త పట్టుకోండి, ముడత పడుతోంది."

అక్కయ్య చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, ఆ కొస పట్టుకుంది.